అనురాధ టీచరు వెతుక్కుంటూ వెళ్లిన పిల్లలు

పి.గన్నవరంలో అక్విడెక్టు దాటి, కాలవ గట్టు వెంబడి కాస్త లోపలికి వెళితే కొబ్బరితోటలో ఒక పెంకుటిల్లు, దానికి ఆనుకుని రేకుల షెడ్డు ఉంటాయి. అవి కనిపించకముందే వినిపిస్తాయి. వినిపించే గొంతుల్లో అన్నిటికన్నా పైనుండేది అనురాధ గొంతు. బోర్డు మీద ట్రస్టు పేరు పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆటోవాళ్లకి మాత్రం అది అనురాధ టీచరు బడే. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, అసలు రాని పిల్లలు, ఒళ్లు ఎదిగినంత తొందరగా బుద్ధి ఎదగని పిల్లలు పొద్దున్నే వ్యానులో దిగుతారు. సాయంత్రం అదే వ్యానులో ఇళ్లకి వెళతారు.

ఈ పనిలోకి అనురాధ కావాలని వచ్చింది కాదు. డిగ్రీ అయ్యేక మామూలు బీయీడీలో సీటు రాలేదు. స్పెషల్ బీయీడీ అని ఒకటుందనీ, అందులో సీట్లు మిగిలిపోయేయనీ ఎవరో చెబితే చేరింది. "స్పెషల్ అంటే జీతం కూడా స్పెషలేనా అమ్మా?" అని వాళ్ల నాన్నగారు అడిగేరు. కాదని మొదటి నెలలోనే తెలిసింది. మొదటి రోజైతే ఒక పిల్ల మణికట్టు మీద పళ్లు దిగేలా కొరికింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఇంక రేపు వెళ్లనంది. వెళ్లింది. కొరికిన పిల్లే దగ్గరకొచ్చి, పట్టీ కట్టిన చోట ఉఫ్ ఉఫ్ అని ఊదింది. అంతే, అనురాధ ఆ బడిలో ఉండిపోయింది. జడలో తెల్లవెంట్రుకలు వచ్చేదాకా ఉండిపోయింది.

ఆ బడిలో పరీక్షలుండవు. ప్రతి పిల్లకీ ఒక ప్రగతి పత్రం ఉంటుంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం, పేరు రాయడం, అంకెలు గుర్తుపట్టడం, ఇలా ఒక్కో పనికీ ఎదురుగా నాలుగు గళ్లు. చెయ్యడు. చెయ్యి పట్టుకుని చేయిస్తే చేస్తాడు. చెబితే చేస్తాడు. ఎవరూ చెప్పకుండా తనంతట తనే చేస్తాడు. బయటివాళ్లకి ఇవి ఉత్త గళ్లు. అనురాధకి మాత్రం ఒక పిల్ల ఒక గడిలోంచి పక్క గడిలోకి దాటితే ఆ రోజు పండగ. షెడ్డులోంచి కేక వేసేది, వంటావిడ చేత కొబ్బరి లౌజు చేయించేది. "ఇవాళేం దాటేరండీ?" అని పాలబ్బాయి కూడా అడిగేవాడు.

ఆ గళ్లన్నీ అందరికన్నా ముందు దాటినవాడు నాగబాబు. రాజోలు పక్క పల్లె నించి వచ్చేవాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టేడు. గుండ్రటి మొహం, చిన్న కళ్లు, ఎప్పుడూ నున్నగా దువ్విన క్రాపు. వాడికి అక్షరాలు నేర్పడానికి అనురాధకి ఏళ్లు పట్టింది. వచ్చేక మాత్రం వాణ్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. గోడ మీద రాతలు, బస్సు బోర్డులు, బిస్కెట్టు పొట్లాలు, ఏది కంట పడితే అది పైకి చదివేసేవాడు. పద్దెనిమిదేళ్లు నిండి బడి వదిలేనాడు అనురాధ వాడికి దండ వేసి, ఫొటో తీయించి, వాడి పత్రం అందరికీ చూపించి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత కొత్త పిల్లలు వచ్చేరు, కొత్త పత్రాలు వచ్చేయి. ఏళ్లు గడిచిపోయేయి.

ఒకరోజు ట్రస్టుకి కొత్త అధ్యక్షుడు బడి చూడ్డానికి వచ్చేరు. పేరు ప్రకాశరావుగారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తాపీగా కూర్చుని పత్రాలన్నీ ఒక్కొక్కటీ తిరగేసేరు. లౌజు పెడితే తిన్నారు, బాగుందన్నారు.

"పిల్లలు బాగా ముందుకొస్తున్నారమ్మా. మరి బడి వదిలి వెళ్లేక ఏమవుతున్నారు?"

"ఇంటి దగ్గర ఉంటున్నారండి."

"అందరూనా?"

"ఆయ్, అందరూనండి."

"ఇంటి దగ్గర ఏం చేస్తున్నారు?"

అనురాధకి తెలియదు. వెళ్లిన పిల్లల పేర్లకి ఎదురుగా ‘ఇంటి దగ్గర’ అని రాయడం అలవాటైపోయింది. తన ముందున్న టీచరూ అలాగే రాసేది.

ప్రకాశరావుగారు కోప్పడలేదు. "నేను కాలవల మీద పనిచేసినవాణ్ని. లాకుల దగ్గర ఎంత నీరు వదిలేమో రోజూ రాసుకునేవాళ్లం. ఆ లెక్క ఎప్పుడు చూసినా బ్రహ్మాండంగా ఉండేది. శివారు పొలానికి వెళ్లి చూస్తేగానీ, అక్కడ మడి నెర్రెలిచ్చిందని తెలిసేది కాదమ్మా" అన్నారు. కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయేరు.

సాయంత్రం దాకా అనురాధ చిర్రుబుర్రులాడింది. బొత్తాం పెట్టడం నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆయనకేం తెలుసు, కాలవలూ పిల్లలూ ఒకటేనా, అని వంటావిడ మీద విసుక్కుంది. ఇంటికి వెళ్లి భర్తకి అదే చెప్పింది. ఆయన అంతా విని, "అయితే ఆ నాగబాబు ఇప్పుడేం చేస్తున్నాడే?" అన్నాడు.

మర్నాడు వ్యాను తోలే అబ్రహాముని పిలిచింది.

"అబ్రహాముగారూ, శనివారం మధ్యాహ్నం పిల్లల్ని దింపేక మీకేమైనా పనుందా?"

"లేదండి. ఎక్కడికి మేడంగారూ?"

"శివారుకి."

"ఏ శివారండి?"

"చెబుతాను గానీ, ముందు డీజిలు చూసుకోండి."

మొదట కపిలేశ్వరపురం వెళ్లేరు. అక్కడి ధర్మరాజు చిన్నప్పుడు గన్నవరంలో అమ్మమ్మగారింట ఉండి బడికొచ్చేవాడు. బడిలో ఉన్నన్నాళ్లూ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. వాడి పత్రంలో ‘చెప్పిన మాట వినడు’ అని అనురాధే స్వయంగా రాసింది. రావులపాలెం వంతెన దాటి, గోదారి గట్టున ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి వాళ్లమ్మ వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. టీచరుగారిని చూసి కంగారుగా కుర్చీ వేసింది.

"మా ధర్మరాజు ఎలా ఉన్నాడండీ?" అని అడిగింది అనురాధ.

"ఏముందండి, ఖాళీగానే ఉన్నాడండి. వాడేం పని చేస్తాడండీ?"

"ఇప్పుడేడీ?"

"గేదెల్ని తోలుకుని గోదారి లంకలోకి వెళ్లేడండి. వచ్చేసరికి పొద్దుపోతాదండి. వచ్చి పాలు పితుకుతాడు. కేంద్రంలో పోసొస్తాడు. వచ్చేటప్పుడు మా బావగారికి గడ్డిమోపు తెస్తాడు. అంతేనండి, ఖాళీగానేనండి."

అబ్రహాము మొహం పక్కకి తిప్పుకుని దగ్గేడు. అనురాధ నవ్వు ఆపుకుని, "ఇదంతా ఎవరో కూలిమనిషి చేస్తే పని అంటారా, ఖాళీ అంటారా అమ్మా?" అంది.

ఆవిడ చేట దించి కాసేపు ఆలోచించింది. "పనే అంటామండి" అని, తన మాటకి తనే ఆశ్చర్యపోయి పకపకా నవ్వింది. "అయితే మావోడు పనోడేనండి!"

ఇంతలో గేదెలు గట్టెక్కేయి. వెనకాల కర్ర భుజాన వేసుకుని, మోకాళ్ల దాకా తడిసిన పంచెతో ధర్మరాజు. టీచరుని చూసి పళ్లన్నీ కనిపించేలా నవ్వేడు, మాట్లాడలేదు. బడిలోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. నాలుకతో ఒక చప్పుడు చేసేసరికి గేదెలన్నీ వరసగా పాకలోకి వెళ్లి వాటి వాటి గుంజల దగ్గర నిలబడ్డాయి. దారి తప్పబోయిన దూడని పేరు పెట్టి పిలిచి వెనక్కి రప్పించేడు.

"చూసేరా, మాట వినడని రాసేను. ఇక్కడ మందంతా వాడి మాట వింటోంది" అంది అనురాధ వ్యానెక్కుతూ. దారి పొడుగునా అదే చెప్పి అదే నవ్వింది. ప్రకాశరావుగారి ప్రశ్నకి జవాబు దొరికేసిందని ఆవిడకి ధీమా వచ్చేసింది. గేదెల్ని కాసేవాడే ఇంత బాగుంటే, ఇంక నాగబాబు సంగతి చెప్పాలా?

మరుసటి శనివారం రాజోలు వైపు వెళ్లేరు.

నాగబాబు వాళ్లది కొత్తగా కట్టిన డాబా. అన్నయ్య సాయిదుర్గాప్రసాద్ ఖతార్‌లో ఉంటాడు. అమ్మానాన్నా పోయేక నాగబాబుని వదిన పద్మశ్రీ చూసుకుంటోంది. ఇల్లు అద్దంలా ఉంది. మధ్యగదిలో గోడంత టీవీ. ఎదురుగా సోఫాలో నాగబాబు. ఒళ్లు బాగా చేసేడు. క్రాపు మాత్రం అదే నున్నటి క్రాపు.

"టీచరుగారొచ్చేరు. అనురాధ టీచరుగారు" అన్నాడు. లేచి నిలబడటానికి ఆయాసపడ్డాడు.

పద్మశ్రీ కాఫీ తెచ్చింది. చెడ్డ మనిషి కాదు. మరిదిని కన్నకొడుకులా చూసుకుంటుందని వాడి బట్టలు చూస్తేనే తెలుస్తోంది. "మొదట్లో బయటికి వెళ్లేవాడండి. ఓసారి సంతలో దారి తప్పేడు. ఎవరో కుర్రాళ్లు ఏడిపించేరంట, ఏడుచుకుంటా దొరికేడండి. అప్పణ్నించీ గేటు వేసే ఉంచుతున్నానండి. ఆయన ఊళ్లో లేరు. వీడికేమైనా అయితే నేనేం సమాధానం చెప్పాలండీ?"

"మరి చదువుతున్నాడా?"

పద్మశ్రీ అదోలా నవ్వింది. "ఇంట్లో చదవడానికి ఇంకేం మిగల్లేదండి టీచరుగారూ. క్యాలెండరు చదివేసేడు, మందుల డబ్బాలు చదివేసేడు, మిక్సీతో వచ్చిన కాగితం కూడా చదివేసేడు."

అది విని నాగబాబు ఉత్సాహంగా సొరుగు లాగి ఆ కాగితమే తీసేడు. మడతల దగ్గర చిరిగిపోయి, టేపు అంటించి ఉంది. "తడి చేతులతో స్విచ్చి తాకరాదు" అని తప్పులేకుండా, గట్టిగా, వేలు పెట్టి మరీ చదివి, మెచ్చుకుంటుందేమోనని టీచరు మొహంలోకి చూసేడు.

అనురాధ మెచ్చుకుంది. వ్యానులో కూర్చున్నాక మాత్రం, ఆ డాబా గేటు కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. అబ్రహాము కూనిరాగం మానేసేడు.

"అన్నీ నేర్పేనండి అబ్రహాముగారూ. చదవడం, రాయడం, స్నానం, బట్టలు. ఇవన్నీ నేర్చుకుని ఎక్కడికి వెళ్లాలో ఒక్కటి చూడలేదు."

"ఇప్పుడు చూద్దాం లెండి మేడంగారూ. కుర్రాడు అక్కడే ఉన్నాడు కదా" అన్నాడు అబ్రహాము.

నాగబాబుని పనికి పంపమని పద్మశ్రీని ఒప్పించడానికి చాలా ఫోన్లు పట్టేయి. చివరికి, "మీరు పక్కనుంటానంటే సరేనండి" అంది. మొదట రాజోలులో సుబ్బరాజుగారి కిరాణా కొట్టు దొరికింది. పొట్లాలు అరల్లో సర్దడం పని. నాగబాబు అచ్చు గీత గీసినట్టు సర్దేడు. సుబ్బరాజుగారు ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట ఎక్కువ రోజులు నిలవలేదు. సర్దుతూ సర్దుతూ వాడు ప్రతి పొట్లం మీదా తేదీ పైకి చదవడం మొదలెట్టేడు. కొట్టు నిండా జనం ఉండగా, సెనగపిండి పొట్లం ఎత్తి పట్టుకుని, పోయిన నెలలోనే దాటిపోయిన గడువు తేదీ నలుగురూ వినేలా చదివేడు. ఆ పక్కది కూడా చదివేడు.

సుబ్బరాజుగారు అనురాధకి ఫోను చేసేరు. "కుర్రాడు బంగారమండి. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. కానీ ఇలా ఇంకో వారం చదివితే నేను కొట్టు కట్టేసుకోవాలండి. తీసికెళ్లిపోండి, ఏమీ అనుకోకండి."

అనురాధ కోప్పడదామనుకుని ఫోను పెట్టేసి పడీ పడీ నవ్వింది. నాగబాబు మాత్రం నవ్వలేదు. "చదవకూడదా టీచరుగారూ?" అని అడిగేడు. "చదవాలి నాన్నా. వినేవాళ్లు కావాలి, అంతే" అంది.

వినేవాళ్లు దొరకడం అబ్రహాము పుణ్యమే. ఒక శనివారం అతను క్రాపు చేయించుకోవడానికి రాజోలు సెంటర్లో దుర్గారావు సెలూన్‌కి వెళుతూ, నాగబాబుకీ జుట్టు పెరిగిందని వెంట తీసుకెళ్లేడు. దుర్గారావు కొట్టుకి రోజూ పేపరు వస్తుంది. పాతకాలపు ఖాతాదార్ల కోసం తెప్పించడమే గానీ, ఇప్పుడు బల్ల మీద కూర్చున్న ప్రతివాడూ ఫోను చూసుకుంటాడు. మధ్యాహ్నానికల్లా పేపరు ముక్కలై కత్తికంటిన నురగ తుడుచుకోవడానికి పనికొస్తుంది.

నాగబాబు ఆ పేపరు తీసి విప్పేడు. గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా తాపీగా, మొదటి పేజీ అందుకున్నాడు. గడ్డం గీయించుకుంటున్నాయన మొహమంతా నురగ. ఆ నురగతో ఫోనెలా చూస్తాడు? చెవులే ఉన్నాయి పాపం. విన్నాడు. నాగబాబు పేజీ తిప్పి, "మళ్లీ పడిన రొయ్య ధర" అన్నాడు.

ఆయన రొయ్యల చెరువులున్న మనిషి. కుర్చీలోంచి దిగ్గున లేవబోయేడు. "ఏ సైజు రొయ్యకి బాబూ?"

"కదలకండి బాబూ, కత్తి!" అని దుర్గారావు చెయ్యి గాల్లోకి ఎత్తేసేడు. "నువ్వు ఇంకోసారి చదువు నాయనా, ఆయన్ని కదలనివ్వకుండా చదువు."

సోమవారం ఆయన గడ్డం మాయకుండానే మళ్లీ వచ్చేడట. "ఆ చదివే కుర్రాడు రాలేదా?" అన్నాడట.

విషయం తెలిసి అనురాధ స్వయంగా సెలూన్‌కి వెళ్లింది. ఆడమనిషి గుమ్మంలో కనబడేసరికి లోపలున్నవాళ్లంతా ఉలిక్కిపడి కాళ్లు దించుకుని కూర్చున్నారు. ఆవిడ ఇవేమీ పట్టించుకోలేదు.

దుర్గారావు చేతులు తుడుచుకుంటూ వచ్చేడు. "కుర్రాడంటే ఇష్టమేనండి. కానీ ఊరికే కూర్చుని చదివితే జీతం ఎలాగివ్వనండీ? ఊడవాలి, తువ్వాళ్లు ఉతికి ఆరేసి మడతెట్టాలి."

"ఆ పనులే వాడికి వచ్చునండి. ఏది ఎప్పుడు చెయ్యాలో నేర్పుతాను, నాకు కొన్నాళ్లు టైమివ్వండి."

నేర్పింది. మనిషి కుర్చీలో ఉండగానే నాగబాబు కాళ్ల కిందకి చీపురు దూర్చేవాడు. కుర్చీ ఖాళీ అయ్యేక ఊడవాలని నేర్పడానికి, ఖాళీ కుర్చీ బొమ్మ గీసి అద్దం పక్కన అంటించింది. పేపర్లో నివాళుల పేజీ వాడు సినిమా ప్రకటనలంత హుషారుగా చదివేవాడు. ఒకసారి ఒక ముసలాయన్ని చూసి, "ఈయన మీకన్నా చిన్నండి" అనేసేడు. ఆ పేజీ పొద్దున్నే తీసి పక్కన పెట్టడం దుర్గారావు నేర్చుకున్నాడు.

అన్నిటికన్నా కష్టమైంది దారి. ఇంటి నుంచి సెంటరుకి నడిచే దూరమే, కానీ మధ్యలో బస్సులు తిరిగే రోడ్డుంది. అనురాధ కొన్నాళ్లు చెయ్యి పట్టుకుని నడిపించింది. కొన్నాళ్లు పక్కన, చెయ్యి వదిలేసి. ఆ తర్వాత వెనకాల దూరంగా. చివరికి కొబ్బరికాయల లారీ చాటున దాక్కుని చూసింది. పద్మశ్రీ కూడా కొంగు నోట్లో కుక్కుకుని అదే లారీ చాటున నిలబడింది. లారీ మనిషి అనుమానంగా, "ఎవరండీ మీరు, కాయల కోసమా?" అంటే ఇద్దరూ ఉష్ ఉష్ అని అతని నోరు మూయించేరు. రోడ్డుకి అటువైపు నాగబాబు ఆగి, కుడి చూసి, ఎడమ చూసి, ఒక బస్సుని వెళ్లనిచ్చి, దాని బోర్డు కూడా చదివి, దాటేడు. పద్మశ్రీ అనురాధ భుజం మీద తల పెట్టేసి ఏడ్చింది. ఏడుస్తూనే, "మళ్లీ రేపూ చూద్దామండి" అంది.

మొదటి జీతం రోజు నాగబాబు వదినకి మల్లెపూలు తెచ్చేడు. పూలబ్బాయి ఇచ్చిన పొట్లం విప్పి, పొట్లం కాగితం మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు, చదువుకోవడానికి.

ఇంతా జరిగేక ఖతార్ నుంచి ఫోనొచ్చింది. అక్కడెవరో ఊరివాళ్లు చెప్పేరట. సాయిదుర్గాప్రసాద్ ఫోన్లోనే మండిపడ్డాడు. ఆ సమయానికి అనురాధ పద్మశ్రీ పక్కనే ఉంది. వద్దనుకున్నా అన్నీ వినపడ్డాయి.

"నేనిక్కడ ఎండలో మాడేది ఎందుకు? మా తమ్ముణ్ని కూర్చోబెట్టి పోషించలేకనా? వాడు జుట్టు ఊడవాలా? ఊళ్లో అందరూ నవ్వరా పద్మా?"

పద్మశ్రీ ఎప్పుడూ మొగుడికి ఎదురు చెప్పినట్టు ఎవరూ చూడలేదు. ఆ రోజు మాత్రం గొంతు పెంచకుండానే చెప్పింది.

"మీరు పంపేవాటిలో వాడికి తక్కువైంది ఏమీ లేదండి. పొద్దున్న లేచి వెళ్లడానికి ఒక చోటు లేదు, అంతే. అది మీరు అక్కణ్నుంచి పంపలేరు కదండీ."

ఫోను కట్టయిపోయింది. అనురాధకి భయం వేసింది. మర్నాడు పద్మశ్రీ గేటు వేసేస్తుందనుకుంది. వెయ్యలేదు. నాగబాబు మామూలుగానే క్రాపు దువ్వుకుని వెళ్లేడు.

కొన్ని వారాల తర్వాత, ఒక శనివారం అనురాధ సెలూన్ ఎదురుగా వ్యానులో కూర్చుని ఉంది. రోడ్డు మీద కారాగింది. పెద్ద సంచీతో, నలిగిన బట్టలతో ఒక మనిషి దిగేడు. విమానం దిగి తిన్నగా వస్తున్నట్టుంది. మొహం నాగబాబు పోలికే, కాస్త పొడుగు. అనురాధ దిగుదామా వద్దా అనుకునేలోపే అతను సెలూన్ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు.

నాగబాబు పేపర్లోంచి తలెత్తి చూసేడు. మొహం వెలిగిపోయింది. "అన్నయ్యా!" అన్నాడు. లేచి వాటేసుకుంటాడనుకున్నారందరూ. వాడు పేపరు మడిచి, బల్ల వైపు చెయ్యి చూపించేడు.

"కూర్చో అన్నయ్యా. నీ ముందు ఇద్దరున్నారు."

సెలూనంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సాయిదుర్గాప్రసాద్‌ సంచీ కింద పెట్టి, ఆ ఇద్దరి వెనకాల బుద్ధిగా కూర్చున్నాడు. తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు. వంతు వచ్చేక తమ్ముడు దులిపి పరిచిన తువ్వాలు మెడకి చుట్టించుకుని, కళ్లు మూసుకుని గడ్డం చేయించుకున్నాడు. ఆ చదువు వ్యాను దాకా వినిపిస్తోంది. రాష్ట్రం వార్తలయ్యేయి, జిల్లా వార్తలయ్యేయి. గడ్డం ఎప్పుడో అయిపోయింది, మనిషి లేవలేదు.

బయటికొచ్చి అనురాధని చూసి తిన్నగా దగ్గరికి వచ్చేడు. "టీచరుగారంటే మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండి." ఆవిడ తిట్లకి సిద్ధపడింది.

"లేవబోతే లేవనివ్వలేదండి. వార్త సగంలో ఉండగా లేవకూడదంట." నవ్వబోయి, నున్నటి చెంపలు రెండు చేతులతో తుడుచుకున్నాడు. "వాడు చదవగలడని నాకు ఇప్పటిదాకా తెలీదండి. అమ్మానాన్నా అప్పట్లో మీ పత్రం చూపించేరు కానీ నేను నమ్మలేదండి."

అనురాధ సీట్లో పక్కకి జరిగింది. అబ్రహాము తలుపు తీసేడు. "ఎండలో నిలబడ్డారు, వ్యాన్లో కూర్చోండి బాబూ" అన్నాడు.

ఆ ఏడాది ట్రస్టు సమావేశంలో అనురాధ లేచి, బడి వదిలినవాళ్ల సంగతి చెప్పింది. అన్నీ నాగబాబు కథలు కాదు. ఒకింటివాళ్లు గుమ్మంలోకి రానివ్వలేదు. ఒక కుటుంబం హైదరాబాదు వెళ్లిపోయింది, ఆచూకీ లేదు. కొందరు నిజంగానే గోడ చూస్తూ కూర్చున్నారు. వాళ్ల పేర్లకి ఎదురుగా ఆవిడ ఈసారి ‘ఇంటి దగ్గర’ అని రాయలేదు. తెలియనిచోట తెలియదనే రాసింది. "ఈ కాగితం చూడ్డానికి మునుపటంత బాగుండదండి" అని ముందే చెప్పింది. "ఇదే బాగుందమ్మా" అన్నారు ప్రకాశరావుగారు.

బడిలో పద్ధతి మారింది. పద్నాలుగో ఏడు దాటినవాళ్లని వారానికి ఒక పూట బయటికి తీసుకెళుతున్నారు. కొబ్బరిపీచు పని చేసేచోటికి, నర్సరీకి, టిఫిన్ హోటలుకి. పేరు రాయడం వచ్చిందా అన్న గడి పక్కనే, ఏ చోట వాడి మొహం వికసించిందో రాసే గడి వచ్చింది. బడి వదిలినవాళ్లని ఏడాదికోసారైనా వెళ్లి చూడాలని నిర్ణయమైంది.

ఆ పద్ధతిలో మొదట బయటికెళ్లిన పిల్ల అంతర్వేది సత్యదుర్గ. మాటలు రావు. పలక మీద అక్షరం పెడితే పలక తిరగేసేసేది. పీచు పనికి తీసుకెళితే తుమ్మింది, టిఫిన్ హోటల్లో ఇడ్లీలు తింది. ఏం చేద్దామా అని అనురాధ తల పట్టుకుంటే, ఒకరోజు సముద్రపొడ్డున వాళ్ల మావయ్య పడవకి రంగు వేస్తుండగా పిల్ల వెళ్లి బ్రష్షు లాక్కుంది. మావయ్య తిరిగి లాక్కోబోయేడు. పిల్ల అప్పటికే వేసిన రంగు పట్టీ తిన్నగా ఉండడం చూసి ఆగిపోయేడు.

ఇప్పుడు ఆ రేవులో పడవల అడుగుకి రంగుపూత సత్యదుర్గే వేస్తుంది. మొన్న అనురాధ చూడ్డానికి వెళితే, పిల్ల ఒక నీలంరంగు పడవ పక్కన చతికిలబడి, నాలుక బయటపెట్టి, తదేకంగా పని చేసుకుంటోంది. అనురాధ పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిస్తే లేచి వచ్చి టీచరు చెయ్యి పట్టుకుని పడవ దగ్గరికి లాక్కెళ్లింది, ఇంకో బ్రష్షు చేతిలో పెట్టింది.

"చీర పాడవుద్దండి మేడంగారూ" అన్నాడు అబ్రహాము.

అప్పటికే అనురాధ కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఇసకలో కూర్చుంది. కాసేపటికి వెనక్కి తిరిగి, "మీరూ రండి, ఇటుపక్క చాలా ఉంది" అంది.